పూడిక తీద్దాం, గట్టు తవ్వొద్దు

ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండింటికి మా రూమ్‌మేట్ లేచి నా ల్యాప్‌టాప్ వైపు చూసి, "ఏంటే ఇది, సాయంత్రం ఆరింటికి కోనేరు సెంటర్లా ఉంది" అంది. అది నా ఎడిటింగ్ టైమ్‌లైన్. 12 నిమిషాల వీడియోకి 11 వీడియో ట్రాకులు, 19 ఆడియో ట్రాకులు. ఎక్కడ ఏది పెట్టానో నాకే తెలీదు. ప్లే నొక్కితే మాత్రం వీడియో చక్కగా వస్తోంది. బందరు ట్రాఫిక్ లాగే, ఎలా నడుస్తుందో ఎవరూ చెప్పలేరు, నడుస్తుంది అంతే.

ఆ రాత్రి దాన్ని శుభ్రం చేయబోయి ఒక తప్పు చేశాను. ఈ వ్యాసం ఆ తప్పు గురించి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోవాలనుకుంటే తిట్టుకోండి. మనలో చాలామందికి టైమ్‌లైన్ శుభ్రం చేయడమంటే తీసేయడం. నా లెక్కలో శుభ్రం చేయడమంటే పేర్లు పెట్టడం. తీసేయడం దాని తర్వాతి పని, అది కూడా కొంచెమే.

ముందు వీడియో సంగతి. మన క్లబ్బు తరఫున దివిసీమ ఉప్పెన మీద చిన్న డాక్యుమెంటరీ తీశాం, చాలామంది చూశారు కూడా. 1977 నవంబరు 19, శనివారం. తుఫాను తీరం దాటిన ఆ సాయంత్రం సముద్రం దివిసీమ ఊళ్ల మీదికి వచ్చేసింది. అధికారిక లెక్కలో పోయినవాళ్లు సుమారు 10,000 మంది. నాగాయలంక, కోడూరు వైపు ఎవరిని అడిగినా అంతకంటే ఎక్కువే అంటారు. మేం నాగాయలంక, సొర్లగొంది, అవనిగడ్డ, హంసలదీవి తిరిగి పెద్దవాళ్లని మాట్లాడించాం. చివరి ఇంటర్వ్యూ గుడివాడలో, మా అమ్మమ్మది.

అమ్మమ్మది నాగాయలంక అవతల ఒక చిన్న ఊరు. అప్పటికి ఆవిడకి పదహారేళ్లు. ఆ వారం గుడివాడలో పెద్దమ్మగారింట్లో ఉండబట్టి బతికింది. దారులన్నీ పోవడంతో మూడో రోజుకి గానీ ఊరికి వెళ్లలేకపోయారట. వెళ్లేసరికి ఊరే లేదు. కెమెరా ముందు ఆవిడ చెప్పింది చాలా తక్కువ. "మా ఇంట్లో ఐదుగురు పోయారు. నాయన, అమ్మ, ఇద్దరు తమ్ముళ్లు, అక్క." ఇంకేం అడగాలో నాకు తెలియక ఇంటర్వ్యూ అయిపోయిందన్నాను.

మైకు తీసేశాను. కెమెరా ఆపడం మర్చిపోయాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లి కుక్కర్ పెట్టి, అక్కణ్నుంచే అంది: "ఐదుగురు కాదే, ఆరుగురు. అక్క పురుటికి వచ్చింది కదా. పిల్లకి తొమ్మిది రోజులు. బారసాల కాలేదు, పేరు పెట్టలేదు. అందుకని లెక్క చెప్పేటప్పుడు మర్చిపోతుంటాను."

ఆ ముక్క నా దగ్గర ఉంది. బొమ్మలో గోడ, గోడ మీద క్యాలెండర్. మాట వంటింట్లోంచి వస్తోంది, మధ్యలో కుక్కర్ విజిల్. సౌండ్ బాగుచేసి వాడదాంలే అని తొమ్మిదో ట్రాకు మీద పెట్టి డిసేబుల్ చేశాను. అప్పటికే ఆ ట్రాకుల మీద అలాంటి "తర్వాత చూద్దాంలే"లు ఓ నలభై ఉన్నాయి.

నిజానికి టైమ్‌లైన్ నిండా చెత్త ఒక్కసారిగా చేరదు. హంసలదీవి సముద్రం షాట్ మూడు చోట్ల పెట్టి చూసి, మూడూ అక్కడే వదిలేశాను. నాలుగు రకాల మ్యూజిక్ పెట్టి మూడింటిని మ్యూట్ చేశాను. టైటిల్ కార్డులో "ఉప్పెన" అని రాయడానికి మూడు వెర్షన్లు, రెండింట్లో తప్పులు. ఇంగ్లిష్ మీడియం బాధలు, నవ్వకండి. ప్రతిసారీ కిందది కదిలితే ఏమవుతుందో అన్న భయంతో, కొత్త ముక్కని ఇంకో ట్రాకు పైకి ఎక్కించేదాన్ని. కోడ్ రాసేటప్పుడు పాత ఫంక్షన్ ముట్టుకోవడానికి భయపడి దాన్నే కాపీ చేసి పేరు చివర 2 తగిలిస్తాం కదా, అదే రోగం.

సరే, ఆ రాత్రి. ప్రాజెక్టు ఫైల్ జూనియర్లకి ఇవ్వాలి, కాస్త శుభ్రం చేసి పెట్టమని క్లబ్బులో అక్క చెప్పింది. తెల్లారితే ప్రదర్శన. నేను డిసేబుల్ చేసిన క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. మ్యూట్‌లో ఉన్న ఆడియో డిలీట్. ఖాళీ ట్రాకులు డిలీట్. పది నిమిషాల్లో 11 ట్రాకులు మూడయ్యాయి, 19 ఆరయ్యాయి. ఇల్లు కడిగినంత హాయిగా అనిపించింది. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ కూడా పెట్టాను.

ప్రదర్శన బాగా జరిగింది. ఆ ఆదివారం గుడివాడ పాసింజర్ ఎక్కి ఇంటికెళ్లి అమ్మమ్మకి ఫోన్లో చూపించాను. మొత్తం చూసింది. "బాగుందే" అంది. కాసేపాగి, "ఆరుగురని చెప్పాను కదే నీకు" అంది. కోపంగా కాదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు.

ఇక్కడ ఒక మాట నిజాయతీగా ఒప్పుకోవాలి. డిసేబుల్ చేసిన క్లిప్పు ఎలాగూ రెండర్‌లోకి రాదు. నేను డిలీట్ చేయకపోయినా ఆ రోజు వీడియోలో "ఐదుగురు" అనే వచ్చేదేమో. కానీ ఆ క్లిప్పు అక్కడ ఉండటం నాకు నేను రాసుకున్న చీటీ. "ఇది సరిచేయాలి, మర్చిపోకు" అని. శుభ్రత పేరుతో ఆ చీటీ చింపేశాను. చింపాక దాని సంగతే గుర్తులేదు. గుర్తుచేసింది అమ్మమ్మ.

సీఎస్ఈ వాళ్లకి ఇందులో తెలిసిన సంగతే ఒకటుంది. టైమ్‌లైన్ మీద ఉండేది వీడియో కాదు, పాయింటర్. ఫలానా ఫైల్, ఫలానా సెకను నుంచి ఫలానా సెకను దాకా, ఇక్కడ పెట్టు, అంతే. క్లిప్పుని కోసినా తీసేసినా అసలు ఫైల్‌కి ఏమీ కాదు. కేడెన్‌లైవ్ లాంటి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫైల్‌ని మామూలు టెక్స్ట్ ఎడిటర్లో తెరిచి చూడండి, ఎక్స్‌ఎంఎల్ కనిపిస్తుంది. ఎన్ని జీబీల ఫుటేజ్ ఉన్నా ఆ ఫైల్ చిన్నదే. అందుకే మనకి ధైర్యం, "టైమ్‌లైన్లో డిలీట్ చేస్తే ఏమైంది, ఫుటేజ్ ఉందిగా" అని.

ఫుటేజ్ ఉంది. ఎక్కడుంది? ఆరు గంటల రికార్డింగ్, రెండు వందలకు పైగా ఫైళ్లు, అన్నిటికీ కెమెరా ఇచ్చిన నంబర్లే పేర్లు. జావాలో ఒక ఆబ్జెక్ట్‌ని చూపించే రిఫరెన్స్ ఒక్కటీ మిగలకపోతే గార్బేజ్ కలెక్టర్ దాన్ని ఊడ్చేస్తుంది. నా హార్డ్ డిస్క్ ఏదీ ఊడ్చలేదు, అదృష్టం. కానీ దారి చూపించే పాయింటర్ పోయాక వస్తువు ఉన్నా లేనట్టే. రెండు రాత్రులు వెతికాను. చివరికి దొరికింది సీ0047 అనే ఫైల్లో, అదీ చివరి నిమిషంలో. పేరు లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. అమ్మమ్మ చెప్పింది కూడా అదే కదా అని అప్పుడు వెలిగింది నాకు.

మా వైపు ఎండాకాలం కాలువలు కట్టేశాక పూడిక తీస్తారు. గుర్రపుడెక్క లాగేస్తారు, తూడు పీకుతారు, అడుగున పేరుకున్న మట్టి ఎత్తి పోస్తారు. అది చేయకపోతే చివరి పొలానికి నీళ్లు అందవు. అంటే శుభ్రం చేయడం అనవసరం అని నేను అనట్లేదు, తప్పనిసరి. కానీ పొక్లెయిన్ ఉంది కదా అని తొందరలో గట్టు కూడా గీకేశారనుకోండి, నీళ్లు వదిలాక తెలుస్తుంది. పూడికా మట్టే, గట్టూ మట్టే. యంత్రానికి తేడా తెలీదు, నడిపేవాడికి తెలియాలి. టైమ్‌లైన్లోనూ అంతే. పనికిరాని డిసేబుల్ క్లిప్పూ, నేను ఆలోచిస్తూ పక్కన పెట్టిన డిసేబుల్ క్లిప్పూ చూడటానికి ఒకే బూడిద రంగులో ఉంటాయి.

ఇప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఈ పనిని బటన్‌గా ఇస్తున్నాయి. ప్రీమియర్‌లో సీక్వెన్స్‌ని సింప్లిఫై చేసే ఆప్షన్ ఉంది. ఖాళీ ట్రాకులు, డిసేబుల్ క్లిప్పులు తీసేస్తుంది. అది అసలు దాన్ని ముట్టుకోకుండా కాపీ మీద చేస్తుంది, ఆ బుద్ధి ఆ రాత్రి నాకు లేకపోయింది. కొన్నింట్లో మాటల మధ్య మౌనాలని గుర్తుపట్టి కోసేసే సదుపాయం కూడా వచ్చింది. యూట్యూబ్ ట్యుటోరియల్ అయితే బాగానే పనిచేస్తుంది. అదే పని సొర్లగొందిలో మాట్లాడిన తాతగారి ఇంటర్వ్యూ మీద చేస్తే ఏమవుతుంది? ఆయన ప్రతి వాక్యం తర్వాతా ఆగుతారు. ఆగినప్పుడల్లా సముద్రం వైపు చూస్తారు. ఆ ఆగడాలు కోసేస్తే మాటలన్నీ మిగులుతాయి, ఆయన మిగలరు. సాఫ్ట్‌వేర్‌ది తప్పు కాదు. దానికి మౌనం అంటే సౌండ్ తక్కువ ఉన్న చోటు. మనకి కూడా అంతేనా అన్నది నా ప్రశ్న.

పాత సినిమా ఎడిటింగ్ గురించి చదివితే ఒకటి నచ్చింది. అప్పుడు ఫిల్మ్‌ని నిజంగానే కత్తిరించి అతికించేవాళ్లు. కోసిన ముక్కల్ని గుడ్డ తొట్టి మీద వరసగా మేకులకి వేలాడదీసి, ఏ సీను, ఏ షాటు అని రాసి పెట్టుకునేవాళ్లు. వాడని ముక్కలు కూడా డబ్బాల్లోకి వెళ్లేవి, పేరుతో సహా. దర్శకుడు ఎప్పుడు "ఆ రెండో టేకు చూద్దాం" అంటాడో తెలీదు కాబట్టి. అసిస్టెంట్ ఎడిటర్ పనిలో పెద్ద భాగం ఇదే. మనకి అన్‌డూ ఉంది, వాళ్లకి లేదు. అందుకే వాళ్లు జాగ్రత్తగా ఉన్నారు, మనం నిర్లక్ష్యంగా ఉన్నాం.

నేను ఇదంతా చెబుతుంటే మా బ్యాచ్‌లో ఒకడు అన్నాడు: "మావా, టైమ్‌లైన్ ఎవడు చూస్తాడే? జనం చూసేది ఎంపీ4." న్యాయమైన ప్రశ్నే. కోడ్ గురించి కూడా ఇలాగే అంటాం, "రన్ అయితే చాలు" అని. మరి ఆ కోడ్‌ని తర్వాత సెమిస్టర్లో మనమే తెరిచినప్పుడు ఏమంటామో అందరికీ తెలుసు. ఎంపీ4 అంటే వడ్డించిన విస్తరి. మళ్లీ వండాలంటే విస్తరి చూసి వండలేం. పదార్థాలు ఎక్కడున్నాయో తెలియాలి.

మళ్లీ వండాల్సిన రోజు దూరంలో లేదు కూడా. 2027 నవంబరు 19కి ఉప్పెన వచ్చి యాభై ఏళ్లు. అప్పుడు ఇరవై ఏళ్లున్నవాళ్లకి ఆ రోజుకి డెబ్భై. మా అమ్మమ్మ లాంటి వాళ్లు చెప్పగలిగింది ఇప్పుడే చెప్పాలి, మనం రికార్డు చేయగలిగింది ఇప్పుడే చేయాలి. ఆ సంవత్సరం క్లబ్బులో ఉండే జూనియర్లు ఇదే ఫుటేజ్‌తో ఇంకో వీడియో చేయాలనుకుంటారు, మనకంటే బాగా చేస్తారు కూడా. వాళ్లకి మనం ఇచ్చేది 12 నిమిషాల ఎంపీ4 ఒక్కటేనా, లేక తెరిస్తే అర్థమయ్యే ప్రాజెక్టా?

పోగొట్టుకోవడం మన ఊరికి కొత్త కాదు. తెలుగు సినిమాకి ఆద్యుడు అనే రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1869లో బందరులోనే పుట్టారు. ఆయన నిర్మించగా కొడుకు ప్రకాష్ దర్శకత్వం వహించిన "భీష్మ ప్రతిజ్ఞ", 1921 నాటి మూకీ, ఇవాళ చూద్దామంటే దొరకదు. మనం పేరు మాత్రం చెప్పుకుంటున్నాం. అప్పట్లో దాచడం కష్టం, ఫిల్మ్ పాడయ్యేది, కాలిపోయేది. మన ఫైళ్లు కాలిపోవు. పేరు లేక, ఎవరూ తెరవక, ఎవరి పెన్‌డ్రైవ్‌లోనో మిగిలిపోయి పోతాయి.

ఇంతకీ ఏం చేయాలి అంటారా? ఇప్పుడు నేను చేస్తున్నది చెబుతాను. పెద్ద విద్యేం కాదు.

మొట్టమొదట టైమ్‌లైన్‌ని డూప్లికేట్ చేసి, పేరు చివర తేదీ వేయాలి. చీపురు పట్టేది ఆ కాపీ మీదే. "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ లాస్ట్ ప్రామిస్" అనే పేర్లు వద్దు. తేదీ అబద్ధం ఆడదు.

తర్వాత ట్రాకులకి పేర్లు. చాలా సాఫ్ట్‌వేర్లలో ట్రాకు పేరు మార్చుకోవచ్చు, మనమే మార్చం. నా ప్రాజెక్టులో ఇప్పుడు కింది వీడియో ట్రాకు మాట్లాడే మనుషులు, దాని పైది ఊళ్లు, సముద్రం షాట్లు, దాని పైది టైటిళ్లు. ఆడియోలో మొదటిది మాట, రెండోది గాలి, అలలు, చుట్టుపక్కల చప్పుళ్లు, మూడోది మ్యూజిక్. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. ఏ అచ్చు ఏ రంగుదో తెలిసే అద్దుతారు. మనం అన్ని అచ్చులూ ఒకే రంగులో ముంచి, పైన ఇంకోటి కొడుతున్నాం.

మూడోది, పక్కన పెట్టిన క్లిప్పులు. వీటిని డిలీట్ చేయను. "పక్కన పెట్టినవి" అనే ఇంకో టైమ్‌లైన్ తెరిచి అక్కడికి తరలిస్తాను. ఒక్కోదానికీ ఒక మార్కర్ పెట్టి ఎందుకు పక్కన పెట్టానో ఒక్క లైను రాస్తాను. "సౌండ్ బాగుచేయాలి." "ఇది నిజమో కాదో ఇంకొకరిని అడగాలి." "బాగుంది కానీ ఇక్కడ కాదు." రాయడానికి కారణమే తట్టకపోతే, అప్పుడు అది పూడిక. నిశ్చింతగా తీసేస్తాను. నిజం చెప్పాలంటే నలభైలో ముప్పైకి పైగా పూడికే.

నాలుగోది, నెస్టింగ్, కాంపౌండ్ క్లిప్ గురించి. పది క్లిప్పులు ఒక డబ్బాలో పెట్టేస్తే టైమ్‌లైన్ చక్కగా కనిపిస్తుంది. ఆ డబ్బాకి "టైటిల్ సీను" అని పేరుంటే అది ఫంక్షన్ రాసినట్టు, మంచి పనే. "కాంపౌండ్ క్లిప్ 14" అని వదిలేస్తే చెత్తని మంచం కిందకి ఊడ్చినట్టు. చుట్టాలు వెళ్లాక మనమే తీయాలి.

ఐదోది, అసలు అన్నిటికంటే ముందు చేయాల్సింది. షూట్ నుంచి వచ్చిన రోజే, సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించక ముందే, ఫైళ్లకి పేర్లు పెట్టాలి. ఊరు, తేదీ, ఎవరు మాట్లాడారు, దేని గురించి. ఎక్కించాక డిస్క్‌లో పేరు మారిస్తే టైమ్‌లైన్ మీద మీడియా ఆఫ్‌లైన్ అని వస్తుంది, మళ్లీ లింకులు కలుపుకోవాలి. ఆరు గంటల ఫుటేజ్‌కి పేర్లు పెట్టడం బోరే. నాకు ఒక ఆదివారం పట్టింది. కానీ ఆ ఆదివారం ఫుటేజ్ మొత్తం మొదటిసారి నిజంగా చూశాను. అవనిగడ్డ మాస్టారు ఒక తేదీ రెండు చోట్ల రెండు రకాలుగా చెప్పారని అప్పుడే తెలిసింది. నాగాయలంకలో ఒకావిడ మాట్లాడుతున్నంతసేపూ చేతిలో తాళంచెవి తిప్పుతూ ఉందని అప్పుడే చూశాను. ఎడిట్ చేసింది నేనే. ఎడిట్ చేసేటప్పుడు ఇవేవీ కనపడలేదు.

అందుకే అంటున్నాను. శుభ్రం చేయడం అంటే ఖాళీ చేయడం కాదు. మన దగ్గర ఏముందో తెలుసుకోవడం. తెలుసుకున్నాక ట్రాకులు వాటంతటవే తగ్గుతాయి. ఇప్పుడు నా టైమ్‌లైన్లో నాలుగు వీడియో ట్రాకులు, ఐదు ఆడియో ట్రాకులు ఉన్నాయి. స్క్రీన్‌షాట్ పెట్టుకునేంత అందంగా ఏం లేదు, కానీ ఎవరు తెరిచినా ఏది ఎక్కడుందో చెప్పగలరు.

క్లబ్బుకి నాదొక ప్రతిపాదన. ఇకనుంచి వీడియోతో పాటు ప్రాజెక్టు కూడా అప్పగించాలి. అప్పగించే ముందు ఎడిటింగ్‌లో లేని ఇంకో సభ్యుడి ముందు తెరవాలి. ఏ ఇంటర్వ్యూ ఎక్కడుందో రెండు నిమిషాల్లో వాళ్లు కనుక్కోలేకపోతే అది అప్పగించినట్టు కాదు. దీనికి డబ్బు అక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికలో రాయండి, నేను చదువుతాను.

వీడియో మళ్లీ రెండర్ చేశాను. కొత్త వెర్షన్లో అమ్మమ్మ "ఐదుగురు" అంటుంది. తర్వాత ఖాళీ గోడ, క్యాలెండర్, వంటింట్లోంచి మాట. కుక్కర్ విజిల్ తీసేద్దామని చాలా ప్రయత్నించాను, పూర్తిగా పోలేదు. తర్వాత ఉండనిచ్చాను. ఆ ఫైల్‌కి ఇప్పుడు పేరుంది: "గుడివాడ, అమ్మమ్మ, ఆరుగురు".